దీపస్తంభము

సూరతు నగరమునకు నైరృతి దిక్కున, అరేబియా సముద్రతీరమున, డుమస్ అను ప్రదేశము కలదు. దానికి ఉత్తరమున తాపీనది సముద్రమున కలియుచున్నది. పోటువేళ ఒడ్డువఱకు నిండిన జలము పాటువేళ మిక్కిలి దూరము వెనుకకు పోవును. నీటిక్రింద దాగిన మేటలు అప్పుడుగాని కానరావు. 1608లో ఆంగ్లేయుల హెక్టరు నౌక ఈ తీరమునకు వచ్చెను. ఆ కాలమున పెద్ద ఓడలు ఈ మేటల కారణమున నదిలోనికి రాలేక వెలుపలనే లంగరు దించుచుండెడివి. ఇట్టిచోట రాత్రివేళ త్రోవ చూపు వెలుగు విలువ నావికుడే యెఱుగును.

ఆ వెలుగును గుజరాతీలు ‘దీవాదాండీ’ యందురు. దీవా యనగా దీపము, దాండీ యనగా దండము. మనము దీపస్తంభ మందుము. గురువును, శాస్త్రమును, మహాపురుషుల చరితమును ఈ పేరనే కొనియాడుచున్నాము. కాని ఈ ఉపమానమును తుదివఱకు విచారించువారు అరుదు.

దీపస్తంభము ఓడను తనయొద్దకు పిలువదు. దానికే గురిపెట్టి నడపిన నావ గట్టు తగిలి పగులును. ఇచట గట్టు, అచట లోతు అని మాత్రమే అది తెలుపును. చుక్కాని పట్టవలసినవాడు నావికుడే. గురుమూర్తికి పుష్పములు సమర్పించి అచటనే నిలిచిపోయినవానికి గురువు చూపిన రేవు దక్కదు. స్తంభమునకు మ్రొక్కుట చాలదు. ఆ వెలుగును బట్టి నావను మరల్చవలెను.

మనుష్యునకు వెలుగేది యని జనకుడు యాజ్ఞవల్క్యుని ప్రశ్నించిన వృత్తాంతము బృహదారణ్యకమున కలదు. సూర్యుడని మహర్షి చెప్పెను. సూర్యు డస్తమించిన చంద్రుడు, చంద్రుడును లేకున్న అగ్ని, అదియు చల్లారిన వాక్కు. తన చేయి తనకు కానరాని చీకటిలో మాట వినవచ్చిన దిక్కునకే మానవుడు నడచును గదా! వాక్కును శమించిన పిదప ఆత్మయే జ్యోతి యని ఆయన నిర్ణయించెను.

మగ్గముల పనికై తెలంగాణమునుండి సూరతు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకములు. పరాయి నేలపై వారికి తొలుత తోడైన వెలుగు వాక్కే. పెద్దల హితవు, తల్లి నేర్పిన భగవన్నామము ఎంత దూరమేగినను వెంటవచ్చును. కాని ఆ మాట పలికిన పెద్దలు ఒకనాడు ఉండరు. హితవు చెప్పు గొంతు మూగవోయిన రాత్రి ఏ వెలుగున నడువవలెను? ఈ ప్రశ్న ప్రతి గృహమునకును వచ్చును. పెద్దల మాటను చెవితో విని విడిచినవాడు ఆనాడు దిక్కుతోచక నిలుచును. దానిని ఆచరణమున నిలుపుకొన్నవానికి అదే లోపలి వెలుగునకు ద్వార మగును.

ఆ లోపలి జ్యోతికి చమురు పోయ నక్కరలేదు. అది ఎన్నడును ఆరునది కాదు. గాజునకు పట్టిన మసివలె రాగద్వేషములు దానిని కప్పియున్నవి. ఆ మసిని దినదినము తుడుచుకొనుటయే సాధన.