అసాధ్యరోగమును వైద్యుడు చేపట్టవచ్చునా?

రోగము నయము కాదని తెలిసిన పిమ్మట వైద్యుడు చేయవలసిన దేమి? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చరకసంహిత రోగములను సులభముగా మానునవి, కష్టముమీద మానునవి, యాప్యములు, విడువదగినవి యని నాలుగు తెఱగులుగా విభజించినది. యాప్యము లనగా పూర్తిగా పోక, చికిత్స చేయుచున్నంత కాలము అదుపులో నుండునవి. అసాధ్యమునకు చికిత్స చేయబూనిన వైద్యుడు ధనమును, విద్యను, కీర్తిని కోల్పోవునని యాగ్రంథము హెచ్చరించుచున్నది. ఈ హెచ్చరికలో వివేకము లేకపోలేదు. బిడ్డ మంచముపట్టినప్పుడు తల్లిదండ్రుల యాశను అమ్ముకొనువారు ఏ కాలమునను ఉందురు. కాని వైద్యులెల్లరు నీ మాటను అక్షరము తప్పక పాటించినచో, నిన్నటి యసాధ్యము నేడు సాధ్యమగు టెట్లు?

అమెరికాలో బోస్టను నగరపు పిల్లల ఆసుపత్రియందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. 1903లో జన్మించిన యీయన మృతదేహములను పరీక్షించి వ్యాధినిర్ణయము చేయు శాస్త్రమున నిపుణుడు. అట్టి నిపుణునిచేతికి రోగము చిక్కునప్పటికి తఱచుగా రోగి జీవించియుండడు. ఆ దినములలో పిల్లలకు వచ్చు తీవ్రమైన ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరుకు మందు లేదు. ఎముకల మూలుగలో అపరిపక్వమైన తెల్లకణములు మితిమీఱి పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ జేయును. కొలది వారములలోనో నెలలలోనో బిడ్డ మరణించుచుండెను.

ఫోలిక్ ఆమ్లము కొన్ని విధముల రక్తహీనతను మాన్పునని అప్పటికే తెలిసియుండెను. ఆ జాతి పదార్థములను ఫార్బరు రోగులకిచ్చి చూచెను. ల్యుకేమియా తగ్గలేదు సరికదా, త్వరపడినట్లు కనిపించెను. ఇంతకంటె గుండె పగులగొట్టు ఫలితము వైద్యునకు వేఱొకటి యుండునా? అయినను ఆయన దానిని దాచలేదు. కణమునకు ఈ పదార్థము ఆహారమైనచో, దీని విరోధి కణమునకు ఉపవాసమగునని యూహించెను. అట్టి విరోధులను లెడర్లీ ప్రయోగశాలలలో సిద్ధపరచుచుండిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారే. అమినోప్టెరిన్ అను మందు రూపమున ఫోలిక్ ఆమ్లమును పోలి, కణమును మోసగించి, దాని వృద్ధిని ఆపును. ఫార్బరు దీనిని 16 మంది పిల్లలకిచ్చెను. 10 మందికి మేలు కనిపించెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసమునకు ఆయన పెట్టిన పేరులో మొదటిమాటయే ‘తాత్కాలిక’ మను నర్థము గలది. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

కొందఱిట్లు ఆక్షేపింతురు: ఎట్లును పోవు పసివానిని శాంతితో పోనీయక, నోరు పుండ్లుపడు విషమునిచ్చి కొన్ని నెలలు నిలుపుట దయయా, క్రౌర్యమా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రోగము తిరిగి వచ్చెను, బిడ్డలు మరణించిరి. తరువాత 1960 ప్రాంతముల ఫ్రై, ఫ్రైరైక్ అను వైద్యులు పెక్కుమందులను కలిపి వాడిరి. వానిలో అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఒకటి. అది నేటికిని వాడుకలో నున్నది. నేడు సంపన్నదేశములలో ఈ రోగమునందు అధికసంఖ్యాకమైన లింఫ్ జాతి ల్యుకేమియా వచ్చిన పిల్లలలో నూటికి సుమారు 90 మంది అయిదేండ్లు దాటి జీవించుచున్నారు.

అట్లయిన ఆ మొదటి బిడ్డలు పరులకొఱకు పేర్చిన మెట్లేనా? ఫలితము గొప్పదని చెప్పి యీ ప్రశ్నను తప్పించుకొనుట ధర్మము కాదు. తరువాతివారి లాభమొక్కటే గుఱియైనచో ఆ చికిత్స పాపమే యగును. ముందున్న బిడ్డకే మేలు కలుగునను యుక్తమైన యాశ యుండవలెను; వేఱు దారి యుండరాదు; వైద్యుడు తల్లిదండ్రులకు తాత్కాలికమును తాత్కాలికమనియే చెప్పవలెను; కీడు కనిపించిన తోడనే ఒప్పుకొనవలెను. నేడు తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన సమ్మతియు, నీతిసంఘముల యనుమతియు విధించుట ఈ ధర్మమును ఒక్కని మంచితనమునకే విడువకుండుటకు.

మేము బడిలో తప్పులెక్కను చెఱిపివేసిన బాలునికంటె, దానిని చూపి తప్పెక్కడనో అడిగిన బాలునే మెచ్చుకొందుము. అసాధ్యమును చేపట్టు నధికారము అట్టివానికే కలదని మా యభిప్రాయము. మనయింటి బిడ్డ యీ రోగమునుండి కోలుకొన్ననాడు వైద్యునకు నమస్కరింతుము; యుక్తమే. కాని నెలలు మాత్రమే బ్రదికి, వాని బ్రదుకునకు దారి చూపిన పేరెఱుగని పసివారిని గూడ ఆ నమస్కారమున చేర్చుకొనవలెను.