ఎనిమిది కడవల నీరు

ఉపాసకదశాంగ సూత్రములోని ఆనందుని కథ జైన కుటుంబములలో చాలమంది వినియున్నదే. అతడు వైశాలికి సమీపముననున్న వాణిజ్యగ్రామపు గృహస్థుడు. అతనికి 4 కోట్ల సువర్ణము నిక్షేపముగాను, 4 కోట్లు వడ్డీకిచ్చిన ధనముగాను, 4 కోట్లు గృహసామగ్రిగాను ఉండెను. 40,000 గోవులును కలవు. మహావీరస్వామి సన్నిధిని శ్రావకవ్రతములు గైకొన్న దినమున అతడు ఉన్నదానిలో కాసైనను విడువలేదు. ఇంతకు మించి వలదని మాత్రమే నియమము పట్టెను.

ఇందు త్యాగమెక్కడ అని బేరము తెలిసిన ఎవడైనను అడుగును. అడుగదగిన ప్రశ్నయే. కడుపు నిండినవాడు చాలుననుట ఏమి గొప్ప?

సమాధానము కోట్ల లెక్కలో దొరకదు. దాని తరువాత వచ్చు చిన్న పట్టికను చూడవలెను. ఒడలు తుడుచుకొన ఒకే తుండుగుడ్డ. పండ్లు తోముకొన పచ్చి అతిమధురపు పుల్ల. స్నానమునకు 8 కడవల నీరు. కట్టుటకు నూలుబట్టల జత. తినుటకు శరత్కాలపు ఆవునెయ్యి, త్రాగుటకు వాననీరు. దేశాంతర వర్తకమునకు బండ్లు 500 అని ఒక్క మాటలో తేలిపోయినది గాని, నెయ్యి ఏ ఋతువుదో విడిగా చెప్పవలసి వచ్చెను! పన్నెండు కోట్ల ఆసామి పండ్లపుల్లను గూర్చి కూర్చుండి యోచించినాడు.

తనకేది ఇష్టమో తెలియనివాడు అట్టి పట్టిక చెప్పలేడు. కొట్టులోని సరకు లెక్క చూచుకొననివాడు ఉన్న సరకునే మరల తెప్పించి మూలుగబెట్టును. సుఖముల విషయమునను మనుష్యుడు చేయునది ఇదే. పెట్టెలో ఇరువది పంచెలున్నవానికి వానిలో మెత్తనిదేదో తెలియదు. ఒక్క జతయే ఉన్నవానికి దాని నేత, అంచు, ఉతికినకొలది వచ్చు మెత్తదనము అన్నియు తెలియును. ఎనిమిదవ కడవ పోసికొనునప్పుడు నీటి చల్లదనము ఒంటికి తెలియును, తొమ్మిదవది లేదు గనుక.

ఐతే మనస్సు ఊరకుండునా? 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున ఈ వ్రతమును దాటు దొంగదారులను పేర్కొనిరి. ఇండ్లు రెండేయని నియమము పట్టినవాడు ప్రక్కయిల్లు కొని నడిమిగోడ తీయించును, లెక్కకు రెండే. ఆవు కడుపులోని దూడ ఇంకను పుట్టలేదు గనుక లెక్కకు రాదనును. మించిన బంగారమును గడువు తీరువరకు మరొకరియొద్ద ఉంచును. ఎనిమిది వందల ఏండ్లు గడచినను వీనిలో ఒక్కటియు పాతబడలేదు. నేడు కుమారుని పేర దస్తావేజు పుట్టుటయే క్రొత్త. చిత్రమేమన, వీనిలో ఎక్కడను లెక్క తప్పలేదు. గోడ తీసినవానికి విశాలమైన చావడి దొరకిన మాట నిజమే. కాని అందు చాప పరచుకొని పడుకొన్నప్పుడెల్ల, గోడ ఉండిన చోట నేలమీది చార కంటబడుచునే యుండును.

ఆనందుడు వ్రతము పట్టిన 14 ఏండ్లకు ఇంటిభారమును జ్యేష్ఠపుత్రునకు అప్పగించి, కొల్లాగములోని పౌషధశాలకు వెడలెను. పోవునప్పుడు, ఇకమీదట ఏ వ్యవహారమునందును తన్ను అడుగవలదనియు, తనకొరకు వంట చేయవలదనియు బంధువులతో చెప్పెను.