కడపటి చేయి

ఒక వస్తువు విఱిగినపుడు అది యెవరి చేతిలో విఱిగెనో వారే దోషులని తీర్పు చెప్పుట లోకమున మిక్కిలి సులభమైన న్యాయము. ఇందుకు సాక్షు లక్కఱలేదు, విచారణ మక్కఱలేదు, ముక్క యెవరి చేతిలో నున్నదో చూచిన చాలును. ఈ న్యాయము మన యిండ్లలో నెట్లు నడచుచున్నదో తెలుపుటకు "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ" యను సామెత యొక్కటి చాలును. కుండ యొక్కటే, పగులుట యొక్కటే. కాని కొట్టిన చేతికి గల యధికారమును బట్టి కుండ వయస్సు మాఱుచున్నది. ఈ సామెతలోని సత్యము నాకు వంటయింటిలో గాక, సూర్యాపేటలో నొక మోటారు షెడ్డున, మా కారులో విఱిగిన బోల్టు మూలమున బోధపడినది.

మా నివాసము మిర్యాలగూడ. ఒక వేసవిలో కోదాడయందు బంధువుల యింట వివాహము చూచుకొని, హైదరాబాదు-విజయవాడ రహదారి మీదుగా సూర్యాపేటకు వచ్చుచుంటిమి. పూర్వము 9వ సంఖ్యతో పిలువబడి యిప్పుడు 65వ జాతీయ రహదారి యైన ఆ మార్గమున లారీల రాకపోకలకు రాత్రి పగలు భేదము లేదు. పట్టణము సమీపించునప్పటికి కారులో వేడిని తెలుపు ముల్లు ఎఱ్ఱగీత నంటెను. దారిప్రక్క షెడ్డులో బండి నాపితిమి. అచ్చటి మేస్త్రీ వయసు మీఱినవాడు. మేమెంత తొందరపెట్టినను రేడియేటరు మూత తీయక, ఇంజను చల్లాఱు వఱకు కూర్చుండి, పిమ్మట నీరు కాఱుచోటు చూపెను. ఇంజనులోని నీరు తగినంత వేడెక్కిన పిదప దానిని రేడియేటరునకు విడుచు థర్మోస్టాటు అను కవాట మొకటి కలదు. దాని మూతను రెండు బోల్టులు బిగించి పట్టుకొని యుండెను. అందు మొదటిదాని తల, పానా తగిలినంతనే, ఊడి మేస్త్రీ చేతిలోనికి వచ్చెను. తల క్రింద ఎండిన జిగురు తప్ప మఱేమియు లేదు.

"సారూ, ఇది ఇయ్యాల ఇరిగింది కాదు. ఎవలో ఇరగ్గొట్టి, తలకాయ అతికిచ్చి పంపిండ్రు" అని యతడు చెప్పెను. రెండవదానిపై పానా నుంచి, త్రిప్పకయే నా వంక జూచి, "ఇది గట్టిగ పట్టుకున్నది. తిప్పితే ఇరగొచ్చు. ఇరిగితే నన్ననొద్దు" అనెను. నేను సమ్మతించితిని. అతడు త్రుప్పులోనికి దిగు నూనె పోసి, గంటసేపు ఆగి, చుట్టును కొంచెము వేడిచేసి, పానాను కొంత ముందునకును కొంత వెనుకకును త్రిప్పుచు వచ్చెను. అయినను చిన్న చప్పుడుతో నది విఱిగెను. ముందుగా హెచ్చరిక విని, ముందుగా నొప్పుకొనిన నాకు ఆ క్షణమున కలిగిన దేమి? కోపము. "విఱుగగొట్టితివా!" యను మాట నాలుక చివఱకు వచ్చినది.

ఆ మాట నాపుకొని, ఆ విఱుపునకు నిజమైన కారణములు విచారింప మొదలిడితిని. బోల్టు ఉక్కు, అది దిగిన ఇంజను భాగము అల్యూమినియము. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. బండి నడచి యాగిన ప్రతిసారియు ఈ రెండు లోహములును ఒకదానినొకటి ఒరయుచుండును. నీరు తగిలినపుడు రెండింటి నడుమ తెల్లని పొడి పుట్టి బోల్టును బంధించును. ఉక్కునకు పట్టిన త్రుప్పో, తాను తినివేసిన లోహముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. ఇక బిగింపు సంగతి. బిగించిన బోల్టు కొంత సాగి, స్ప్రింగువలె వెనుకకు లాగుచు మూతను పట్టుకొనును. మితిమీఱి బిగించినచో మరల మునుపటి పొడవునకు రాలేక లోలోపల బలహీనపడును. ఈ కారణములలో నేదియు ఆ ముసలి మేస్త్రీ చేసినది కాదు. ఒక్కటి మాత్రము నేను చేసినది. రేడియేటరులో కూలెంటు పోయవలసినపుడు, దానికి డబ్బేల యని ఏండ్ల తరబడి మా బోరునీరు పోయించినవాడను నేనే. విఱుగుట ఆ దినమున జరిగెను. విఱుచుట బహుదినములుగ జరుగుచుండెను. కడపటి చేయి అతనిది. మొదటి చేతులలో నొకటి నాది.

మేస్త్రీ మాత్రము విచారణకు కూర్చుండలేదు. రెండవ బోల్టు మొండెము కొంచెము పైకి నిలిచియుండెను. బ్యాటరీ తీగ విప్పించి, ఆ మొండెముపై నొక నట్టు నుంచి, రెంటిని వెల్డింగుతో నేకము చేయించెను. ఆ వేడికి పట్టు సడలి, నట్టును త్రిప్పగా మొండెము వెంట వచ్చినది. జిగురు పెట్టిన మొదటిది యిట్లు రాలేదు. అది లోతున విఱిగియుండుటయే గాక, జిగురు సందులలో దిగి గట్టిపడియుండెను. దానికి సరిగా నడుమ గుఱుతు కొట్టి, సన్నని డ్రిల్లుతో మొదలిడి, క్రమముగా లావుపాటి డ్రిల్లులతో తొలుచుచు వచ్చెను. గుఱుతు వెండ్రుకవాసి తప్పిన డ్రిల్లు మెత్తని అల్యూమినియములోనికి జాఱి గోడను తినివేయును. అట్టి తూటులో బిగించి ఎదురుదిక్కునకు త్రిప్పుటకు ఎక్‌స్ట్రాక్టరను సాధన మొకటి కలదు. దాని ఉక్కు మిక్కిలి కఠినము గనుక, తొందరపడి దానిని లోపల విఱిచినచో సామాన్యమైన డ్రిల్లు దానిని తొలువలేదు. కావున అతడు రెండు మారులు తీసి, నూనె పోసి, మరల బిగించెను. మొదటినాడే చెప్పియుండిన అరగంటలో తీఱెడి పని ఆ దినమున సాయంకాలము వఱకు పట్టినది. విఱిగిన దానికంటె దాచినదే తీయుటకు కష్టమని కన్నులార చూచితిని.

పిమ్మట బజారునుండి రెండు కొత్త బోల్టులు తెప్పించెను. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు. చుట్టు చుట్టునకు నడుమ 1.25 మిల్లీమీటరు. ఎక్కడనో చేసిన బోల్టు మఱెక్కడనో చేసిన ఇంజనులో తడుముకొనకుండ దిగినది. ఇది సామాన్యవిషయముగా తోచును గాని, ఒకప్పు డిట్లు లేదు. 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్లకు ఒక సామాన్యమైన కొలత ప్రతిపాదించువఱకు ఏ కార్ఖానా బోల్టు ఆ కార్ఖానాకే చెల్లెడిది. ఒకరి నొకరు చూడని పనివాండ్రు ఒకే కొలతకు కట్టుబడి యుండుటచేతనే నేడు మన బండ్లు నడచుచున్నవి. బోల్టు అనగా ముఖ మెఱుగనివాని సత్యమును నమ్ముట. జిగురుతో అతికించిన తల ఆ నమ్మకమును మోసగించినది. భార్యాబిడ్డలతో నేను లారీల నడుమ ప్రయాణము చేసినది ఆ తలను నమ్మియే.

అతికించినవాని నిందించుటకు ఇంతకంటె తగిన కారణమేమి కావలెను? కాని నిందింపబోవుచుండగా నొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఆ థర్మోస్టాటు మార్చినది మిర్యాలగూడలో మేము వాడుకగా పోవు షెడ్డు. అంతకు కొన్ని మాసములకు ముందు అదే షెడ్డులో పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు మా కారు దీపపు అద్దము పగులగొట్టి, ఎవరును చూడకున్నను తానుగా నా యొద్దకు వచ్చి చెప్పెను. నేను పదిమందిలో వానిని మందలించి, ఆ దినపు కూలి వానికి దక్కకుండ యజమానితో చెప్పి పట్టించితిని. అది న్యాయమనియే తలచితిని. బోల్టు తల అతికించినవాడు ఆ కుఱ్ఱవాడో మఱియొకడో నే నెఱుగను. కాని ఆ దినమున అచ్చట నిలిచి చూచిన వారందఱు నొక పాఠము నేర్చుకొనియుందురు. నిజము చెప్పినవానికి కూలి పోవును. జిగురు పెట్టినవానికి కూలి నిలుచును. ఆ పాఠమునకు గురువును నేను.

ఇందుకు కొంద ఱాక్షేపింపవచ్చును: విఱిగినదానికెల్ల క్షమ చూపినచో పనివారికి శ్రద్ధ యెట్లు కలుగును? ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. కాని పొరపాటు వేఱు, అశ్రద్ధ వేఱు, దాచుట వేఱు. ఎంత జాగ్రత్తపడినను పాత బోల్టు విఱుగవచ్చును. అది పొరపాటు కూడ కాదు. నూనె పోయక, ఆగక, పానాకు గొట్టము తగిలించి బలముతో త్రిప్పుట అశ్రద్ధ. దానికి పనివాడు బాధ్యుడు. విఱిచి అతికించుట వంచన. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము సైతము సేవాలోపమును నిర్వచించుచు, తెలుపవలసిన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచుటను అందు చేర్చినది. మన మిండ్లలో చేయుచున్న దేమన, మూడింటికిని ఒకే శిక్ష విధించుట. శిక్ష యొక్కటే యైనపుడు బుద్ధిమంతుడు బయటపడనిదానినే ఎన్నుకొనును. భయమున్న చోట శ్రద్ధ పెరుగదు. జిగురు ఖర్చు పెరుగును.

చదువరులారా, ఇది మోటారు షెడ్డులతో ముగియు విషయము కాదు. గాజుగిన్నె పగులగొట్టిన పనిమనిషి జీతములో కోత పెట్టు నిల్లాలును, పలక విఱుగగొట్టి వచ్చి చెప్పిన బిడ్డను ముందు కొట్టి పిదప కారణ మడుగు తండ్రియు, పద్దులో తప్పు చూపిన గుమాస్తాను ఆ తప్పునకే బాధ్యుని చేయు యజమానియు జిగురు అమ్ము వర్తకులే. సూర్యాపేట మేస్త్రీ నాకు నేర్పిన పద్ధతి మేలైనది. పానా త్రిప్పకముందే మాట్లాడుకొనవలెను: పాతది విఱిగినచో తీయించు ఖర్చు సొంతదారునిది, తొందరచే చెడినది పనివానిది, ఏది జరిగినను వెంటనే చెప్పవలెను, చెప్పినందులకు మాట పడరాదు. ఈ కడపటి షరతును నిలుపవలసినవాడు పనివాడు కాడు, మనము.

ఇల్లు చేరిన మఱునాడు ఆ పాత షెడ్డునకు పోయి కుఱ్ఱవాని కొఱ కడిగితిని. వాడు పని మానుకొని చాల దినములైనదట. ఎక్కడికి పోయెనో యెవరును చెప్పలేకపోయిరి. వాని ఒకనాటి కూలి యింకను నా యొద్దనే యున్నది.