నెగ్గని మాట

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

సంఘంలో అందరూ సరేనన్నాక నువ్వొక్కదానివే కాదంటే ఒరిగేదేమిటని అడిగావు. ఆ పూటకు ఏమీ ఒరగకపోవచ్చు. రాజమండ్రిలో పుట్టి సుప్రీంకోర్టు న్యాయమూర్తి దాకా ఎదిగిన కోకా సుబ్బారావు గారి సంగతే చూడు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. ఇంటి మీద నిఘా పెట్టారు, రాత్రిళ్లు వచ్చి తలుపు తట్టేవారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1962 డిసెంబరులో దాన్ని తేల్చిన ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రిపూట రాకలను కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు, జె.సి. షా గారు ఆయనతో నిలిచారు. వెనకాలే పోలీసు నడుస్తుంటే, దారి ఎవరూ ఆపకపోయినా ఆ నడక స్వేచ్ఛ కాదన్నది వారి తర్కం. ఇద్దరూ ఓడిపోయారు. సుబ్బారావు గారు 1976లో కన్నుమూశారు కూడా. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, ఒప్పని నిలబెట్టింది ఆ ఇద్దరి మాటనే. ఓడిన పక్షం కారణాలు రాసిపెట్టింది గనకే, తర్వాతి వాళ్లకు మళ్లీ తెరిచి చూసే వీలు మిగిలింది.

వాళ్లు జడ్జీలు, వాళ్లకేం భయమంటావేమో. ఎమర్జెన్సీలో నలుగురికి ఎదురు ఒక్కడిగా తీర్పు రాసిన హెచ్.ఆర్. ఖన్నా గారిని 1977లో పక్కనబెట్టి, ఆయనకంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. కాబట్టి ఖర్చు లేదని నీకు చెప్పను. ఇక ఐకమత్యం చెడుతుందనే మాట. అమెరికాలో సోలమన్ యాష్ 1950లలో గీతల పొడవు పోల్చమని మనుషులను పరీక్షించాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ముందే అనుకుని తప్పు చెబితే, కళ్లెదుట ఉన్న నిజాన్ని వదిలి చాలామంది ఒక్కసారైనా వాళ్ల వెంట పోయారు. ఒక్కరు సరైన జవాబు చెబితే మాత్రం ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అంటే అందరూ సరేనన్న గదిలో నిజంగా ఒప్పుకున్నది ఎందరో ఒకరు కాదనేదాకా తెలియదు. ఐకమత్యమని మనం మురిసేదాంట్లో ఎంత భాగం మొహమాటమో!

ప్రతిదానికీ అడ్డం తిరిగేవాడి సంగతి వేరు. వాడి మాట నాలుగోసారి ఎవరూ వినరు, అది న్యాయమే. నువ్వు కాదనదలిస్తే తీర్మానానికి ముందే, కారణంతో అను. ఓటులో ఓడితే పని సాగనివ్వు. పోలీసులను ఆపడానికి సుబ్బారావు గారేమీ రోడ్డెక్కలేదు. మినిట్స్ పుస్తకంలో మాత్రం నీ అభ్యంతరం కారణంతో సహా ఎక్కిందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టు.

ఇట్లు,
తాతయ్య