చరిత్ర ఏ పద్దులో?

ఇంగ్లండు పల్లెపట్టుల్లో పాతకాలపు దొరల మేడలు బాగుచేయించి అమ్మకానికి పెడుతుంటారు. తోట ఎన్ని ఎకరాలో, గదులెన్నో, పైకప్పు ఎంత చక్కగా మార్చారో ప్రకటనలో వివరంగా ఉంటుంది. వాటితోపాటు ధరను పెంచే మాట మరొకటి ఉంటుంది: ఇది రెండు శతాబ్దాల చరిత్ర గల ఇల్లు అని. కొనేవాడు ఆ మాటకూ డబ్బు కడతాడు. అలా చరిత్రను కొన్నవాడికి అందులోని మంచి మాత్రమే దక్కుతుందా? నా ప్రశ్న ఇదే.

తమిళనాట బ్యాంకులో పాతికేళ్లకు పైగా ఇళ్ల దస్తావేజులు చూస్తున్నవాణ్ణి. ముప్ఫై ఏళ్ల కాగితాలు, విల్లంగం సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే అప్పిస్తాం. అంతకు ముందు ఆ నేల ఎవరి చేతిలోంచి ఎలా జారిందో అడగం. అడుగుతూ పోతే ఏ ఇల్లూ అమ్ముడుపోదు. చట్టం ఒకచోట గీత గీయడం తెలివైన పనే. అయితే చట్టం అడగనిది మనస్సు కూడా అడగకూడదా?

ఒక ఇంటి సంగతే చూద్దాం. లండనుకు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ పార్క్ అనే మేడ ఉంది. దాన్ని 1770లలో కట్టించిన థామస్ రంబోల్డ్, 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల జమీందారులను శిస్తు బేరానికి మద్రాసు రమ్మన్నది ఈయనే. విజయనగరం వ్యవహారంలో లంచాల ఆరోపణలు పార్లమెంటు దాకా వెళ్లాయి. 1782లో ఆయన మీద బిల్లు పెట్టారు, మరుసటి ఏడు అది ఆగిపోయింది. నేరం రుజువు కాలేదు.

ఆయన పోయాక ఇల్లు కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డ్. ఆర్కాటు నవాబుకు వడ్డీకి అప్పులిచ్చి గడించిన మనిషి. ఆ అప్పులకు హామీ జిల్లాల శిస్తు. అంటే వడ్డీ కట్టింది నవాబు కాదు, నాగలి పట్టిన రైతు. నెల్లూరు సీమ కూడా అప్పుడు ఆ నవాబు ఏలుబడిలోదే. 1785లో ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో ఈ అప్పుల గుట్టు విప్పాడు. చివరికి బెన్‌ఫీల్డ్ దివాలా తీస్తే, 1801లో శామ్యూల్ స్మిత్ అనే బ్యాంకరు ఆ మేడ కొన్నాడు.

స్మిత్ చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. సొమ్మిచ్చాడు, ఇల్లు పుచ్చుకున్నాడు. మా చెక్కుల చట్టంలోనూ ఇదే న్యాయం. లోపం తెలియకుండా, విలువ చెల్లించి, సద్బుద్ధితో పుచ్చుకున్నవాడి హక్కును వెనకటివాడి మోసం చెరపలేదు. అది లేకపోతే వ్యాపారం ఒక్కరోజు నడవదు.

అయితే చెక్కుకు పాతదనం వల్ల విలువ పెరగదు, ఇంటికి పెరుగుతుంది. తేడా అక్కడే ఉంది. పాత ఇంటి గౌరవాన్ని ఆస్తి వైపు రాసుకున్నవాడు, ఆ గౌరవం ఎవరి చెమటతో వచ్చిందో అప్పుల వైపు రాయకపోతే ఆ జమాఖర్చు సరిపోదు. కొత్త ఇల్లు కొన్నవాడికి ఈ బాధ్యత లేదు. చరిత్రకు ధర కట్టినవాడికే ఉంది.

‘మన జమీందారుల కోటలో?’ అని మీరడగవచ్చు. వాటి గోడల్లోనూ రైతు శిస్తే ఉంది. సూత్రం దొరలకొకటి, మనకొకటి కాదు.

మరి ఈ బాకీ ఎవరికి తీర్చాలి? ఆనాటి రైతు పేరు ఏ ఖాతాలోనూ లేదు. ఇల్లు తిరిగి ఇమ్మంటే పుచ్చుకునేవాడు కనబడడు. తీర్చలేని బాకీని కూడా పుస్తకంలోంచి కొట్టెయ్యకుండా చూపించడం మా వృత్తిలో కనీస ధర్మం. బ్రిటన్‌లోని నేషనల్ ట్రస్ట్ 2020లో ఆ పనే చేసింది. వలసపాలనతో, బానిసత్వంతో సంబంధమున్న తన 93 స్థలాల వివరాలు ప్రకటించింది. తోట చూడ్డానికి వచ్చినవాళ్లకు ఈ గొడవ ఎందుకని చాలామంది కోప్పడ్డారు.

నాకు మాత్రం అది ఉచితంగానే తోచింది. పాత ఇల్లు బాగుచేయించేవాడు పగిలిన గోడ పూడ్చవచ్చు, చెదపట్టిన దూలం మార్చవచ్చు. కథలో మచ్చ ఉన్న చోట మాత్రం సున్నం వెయ్యకూడదు.