గేదెకి లైసెన్సు లేదు

కిందటి మాఘమాసంలో ఒక పెళ్ళికి వెళుతుండగా మా ఆవిడ మణికట్టు విరిగింది. మోటారు సైకిలు నడుపుతున్నది నేను, వెనక కూర్చున్నది ఆవిడ. ఊరి మలుపులో గేదె అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. బండి జారి పక్కకి పడింది. గేదె మాత్రం నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది.

పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ "గేదెదే తప్పండీ" అని చెబుతూ వచ్చాను. వారం రోజులు ఓపిక పట్టి, ఆవిడ ఒక్క మాటంది: "గేదెకి లైసెన్సు లేదు గదండీ. మీకుంది."

నిజమే, ఉంది. ముప్ఫయ్యేళ్ళ కిందట, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె మీద బండి తిప్పి తెచ్చుకున్నదే. ఉన్నట్టుండి ఆగాల్సొస్తే ఎలా ఆగుతావని ఆనాడు నన్నెవరూ అడగలేదు. తరవాత నన్ను నేనూ అడుక్కోలేదు. ఏళ్ళు గడవడాన్నే అనుభవం అనుకున్నాను.

కట్టు విప్పిన వారానికి, మా వీధిలో బండ్లున్న వాళ్ళందరికీ కబురు పెట్టాను. ఆదివారం పొద్దున్నే మార్కెట్ యార్డులో సిమెంటు గచ్చు ఖాళీగా ఉంటుంది. అనుమతి అడిగాను, అందరం కలిసి సాధన చేద్దాం రమ్మన్నాను. పధ్నాలుగు మంది సరేనన్నారు. తీరా విచారిస్తే పన్నెండు మంది నేర్పడానికి వస్తున్నారు! నేర్చుకోవలసిన వాడెప్పుడూ పక్కింటి వాడే కాబోలు.

గచ్చు మీద ఇసకంతా ఊడ్చాం. సుద్దముక్కతో గీతలు గీశాం. తగిలినా బండి తూలకుండా రాళ్ళకి బదులు కొబ్బరి చిప్పలు పెట్టాం. హెల్మెట్టూ బూట్లూ లేనివాళ్ళని వెనక్కి పంపాం. అన్నీ అయ్యాక, ముందు ఎవరు? పధ్నాలుగు మందీ ఆకాశం కేసి చూశారు. పదిమందిలో పడితే నవ్విపోతారని భయం. రోడ్డు మీద పడితే నవ్వడానికి కూడా మనిషి మిగలడన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పిలిచిన పాపానికి నేనే ఎక్కాను. ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర ఆగాలి. అలవాటు కొద్దీ కాలిబ్రేకే తొక్కాను. వెనక చక్రం కీచుమని బిగుసుకుని, ఎక్కడికో వెళ్ళి ఆగాను.

"ముందు బ్రేకు పట్టరేం బాబాయిగారూ?" అన్నాడు మెకానిక్కు కుర్రాడు.

"పల్టీ కొడుతుందని మా నాన్న చెప్పారు."

"గభాలున నొక్కితే ప్రమాదమే. బండి నిటారుగా ఉన్నప్పుడు మెల్లగా మొదలెట్టి బిగించండి, కాలిబ్రేకూ వెయ్యండి. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికొస్తుంది. పట్టు అక్కడే ఉంటుంది."

ఏడోసారికి మొదటి దూరంలో సగానికే ఆగాను. ముప్ఫయ్యేళ్ళ బట్టీ సగం బ్రేకుతోనే తిరిగానన్నమాట! వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక సాగే దూరం నాలుగు రెట్లవుతుంది. అరవైలో పోతుంటే, బ్రేకు వెయ్యాలని తోచేలోగానే ఒక్క సెకనులో దాదాపు పదిహేడు మీటర్లు వెళ్ళిపోతాం. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది పోయారని ప్రభుత్వ లెక్క. అందులో సుమారు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద వాళ్ళే. గేదెల లెక్క ఎక్కడా లేదు.

తెలియకపోవడం తప్పు కాదంటారు పెద్దలు. ఒంటరిగా పోయేవాడికి ఆ మాట చెల్లుతుందేమో. కానీ వెనక ఒక మనిషి కూర్చుంటుంది. మన భుజం మీద చెయ్యి వేసి, మనకి చేతనవునని నమ్మి కూర్చుంటుంది. అలా నమ్మిన వాళ్ళున్నప్పుడు, మనకి తెలుసో లేదో ఒక్కసారైనా చూసుకోకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే.

ఆ పొద్దుటంతా మా ఆవిడ గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. అంతా అయ్యాక బండి దగ్గరికి తీసుకెళ్ళి, "ఎక్కుతావా?" అన్నాను.

మణికట్టు నిమురుకుంటూ కాసేపు ఆలోచించింది.

"ఇంకో రెండుసార్లు ఆగి చూపించండి" అంది.