కనబడని చేపల లెక్క

మృగశిర కార్తె ప్రవేశించు దినమున చేప తినవలెనను వాడుక మన పల్లెలలో ఉన్నది, పట్టణములోను ఉన్నది. 2025లో ఆ కార్తె జూన్ 8వ తేది ఆదివారమున వచ్చెను. ఆరాధన ముగిసిన పిమ్మట మేము సరూర్‌నగర్‌లో ఒక చేపల అంగడికి పోయి వంజరము అడిగితిమి. అమ్మువాడు నవ్వి, “సముద్రం మూసిండ్రు అయ్యగారూ. ఇది ఐసుల పెట్టిన మాల్. చెరువు శీలావతి తీస్కపోండ్రి” అనెను. శీలావతిని తూచుచు మరియొక మాట అడిగెను. “ఇప్పుడు చేపలు గుడ్లు పెడ్తయంటరు, బయట ఉన్నోళ్లకు ఎట్ల ఎరుక? లోపలికి పోయి లెక్కపెట్టిండ్రా?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చిన తరువాతనే ఆ ప్రశ్న బరువు మాకు తెలిసినది.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, ఇంజను పడవలు వేటకు పోకూడదు. 2015కు ముందు ఈ నిషేధము 47 దినములే. పడమటి తీరమున జూన్ 1 మొదలు జూలై 31 వరకు. కాబట్టి జూన్ మొదటి రెండు వారములు రెండు సముద్రములును మూతబడియుండును. మనము చేప కొరకు ఎగబడు మృగశిర సరిగా ఆ దినములలోనే వచ్చును!

ఇక లెక్క మాట. 1626లో కట్టినదని చెప్పబడు మన సరూర్‌నగర్ చెరువునే తీసికొందము. అందులో చేపలెన్ని? నీరంతయు తోడి చూడనక్కరలేదు. వల వేసి నూరు చేపలను పట్టి, రెక్కకు గురుతు పెట్టి విడువవలెను. అవి మిగిలినవాటితో కలిసిపోయిన పిమ్మట మరల నూరు పట్టవలెను. అందులో గురుతుగలవి అయిదు వచ్చినవనుకొనుడు. నూటికి అయిదు గురుతుగలవైనచో, మనము గురుతు పెట్టిన నూరును మొత్తములో నూటికి అయిదే యుండవలెను గదా. అనగా చెరువులో సుమారు రెండు వేలు. అయితే ఈ “సుమారు” చాల పెద్దది. నిజముగా వెయ్యి ఉన్నను, నాలుగు వేలు ఉన్నను, ఒక్కొక్కప్పుడు వలలో ఆ అయిదే పడవచ్చును.

సముద్రమునకు గురుతులు చాలవు. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు పట్టిన చేపను రేవులలో లెక్కింతురు. ప్రతి రేవును ప్రతి దినమును చూచుట ఎవరి తరము? కొన్ని రేవులను, కొన్ని దినములను చీట్లు వేసినట్లు ఏరుకొని, వాటినిబట్టి తక్కినది ఊహింతురు. మత్తీయ విషయమై శిష్యులు చీట్లు వేసిరని చదివిన మనకు ఇది వింతగా తోచవచ్చును. అయితే ఇక్కడ చీటి ఎందుకనగా, లెక్కించువాడు తనకిష్టమైన రేవునే చూచి మోసపోకుండుటకు. మన హైదరాబాదులోనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అను సంస్థ యున్నది. ఉపగ్రహములు చూపు నీటి వేడిమిని, పచ్చదనమును బట్టి చేపలు ఎక్కడ కూడవచ్చునో అది జాలరులకు తెలుపును. అదియును “ఉండవచ్చును” అను మాటయే.

ఈ “వచ్చును” అనుమాట అబద్ధమా? కార్తెలను చూచి విత్తనము చల్లు రైతు అట్లనడు. అయితే తప్పుట కలదు, ఆ తప్పు చిన్నది కాదు. కెనడా దేశపు న్యూఫౌండ్లాండ్ తీరమున కాడ్ అను చేప వందల యేండ్లు జనులను పోషించెను. 1980 తరువాతి సంవత్సరములలో పండితుల లెక్కలు ఉన్నదానికంటె ఎక్కువ చూపెను. ఒడ్డు దగ్గర వేటాడు చిన్న జాలరులు చేప తగ్గుచున్నదని మొరపెట్టిరి గాని వినినవారు తక్కువ. 1992 జూలైలో వేట నిలిపివేసిరి, 30,000 మందికి పైగా పని పోయెను. రెండేండ్లకని పెట్టిన ఆ నిషేధము 2024 వరకు సాగెను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గూర్చి ఒక చిన్న ఆజ్ఞ కలదు. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తల్లి మరల గుడ్లు పెట్టునని అక్కడ ఎవరును రూఢిపరచలేదు. డేగ తన్నుకొని పోవచ్చును. అయినను విడువవలెను. ఎక్కువగా ఆగి తప్పినచో ఒక యేటి పూట పోవును. ఎక్కువగా పట్టి తప్పినచో ఏమగునో కెనడాలో చూచితిమి. కాబట్టి లెక్క సందేహముగా నున్నప్పుడు ఆగుటయే న్యాయమని మాకు తోచుచున్నది.

కాని ఇక్కడనే మా మనస్సు నిలువలేదు. ముందు వచ్చు లాభము “వచ్చును” అనునది. ఇప్పటి ఆకలియో నిశ్చయము. ఆ నిశ్చయమైన భాగము ఎవరికి పడినది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేట లేని కాలమునకు కుటుంబమునకు ఇచ్చు సహాయమును 2025లో 20,000 రూపాయలకు పెంచెను, మంచిదే. అరువది యొక దినములకు పంచి చూడుడు, దినమునకు 330 రూపాయలు కూడ రాదు. గంప నెత్తిన పెట్టుకొని వీధులు తిరుగు స్త్రీ చేతికి ఆ దినములలో తాజా చేప ఎంత వచ్చును? మేము మాత్రము వంజరము బదులు శీలావతి తిని, సముద్రమును కాపాడితిమని తృప్తిపడితిమి! గుడ్లు పొదిగి, చేప పెరిగి, ధర దిగినప్పుడు లాభపడువారిలో మేమును ఉందుము. నష్టములో మాత్రము మా పాలు ఒక పూట రుచి. ఇది సమానమైన త్రాసు కాదు. ఆగుమని చట్టము చెప్పుట ధర్మమైతే, ఆగినవాని ఇంట పొయ్యి వెలుగుటకు తినువారమందరము పన్నుగానో ధరగానో చెల్లించుటయు ధర్మమే. అది దయ అనిపించుకొనదు, బాకీ.

మరుసటి ఆదివారము జూన్ 15. నిషేధము ముందటి రాత్రితో తీరెను. మేము మరల ఆ అంగడికి పోయి, గురుతు చేపల లెక్క అతనికి చెప్పితిమి. కత్తి ప్రక్కన పెట్టి శ్రద్ధగా వినెను.

“అయితె ఈసారి ఎక్కువ పడ్తయా అయ్యగారూ?”

“పడవచ్చును” అంటిమి.

“పడవచ్చు అంటె ధర తగ్గదు” అని అతడు మరల కత్తి పట్టెను.